మబ్బు కోసం కూర్చున్న మనిషి

సింగపూర్ బుకిట్ బటోక్‌లో ఆయన పక్క ఫ్లాట్ ఆంటీ ఫోన్ చేసి, "మీ జర్మన్ అంకుల్ పొద్దున పోయారయ్యా" అంది. డ్యూటీ దిగి వచ్చి బూట్లయినా విప్పలేదు, అలాగే కూలబడ్డాను. సహోదరులారా, ఆదివారం ప్రసంగాల్లో మీ ముందు గర్జించేవాణ్ణి, ఈవేళ మెల్లగానే చెబుతాను. అలిసిపోయాను.

యుద్ధంలో కూలిన ఊళ్ళో, ఇటుకల గుట్టల మధ్య పెరిగిన మనిషి. ఫోటోగ్రాఫరయ్యాక నీళ్ళ ట్యాంకుల్ని, పొగగొట్టాల్ని, పనివాళ్ళని ఒకే తీరున తీశారు: ఎదురుగా, ఒకే దూరంలో, మబ్బు పట్టిన వెలుగులో. ఈ సింగపూర్ ఎండలో మబ్బు కోసం కెమెరా స్టాండు పక్కన గంటలు కూర్చునేవారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ స్టాండు మోసేది నేనే.

"ఎండ కొందరినే మెచ్చుకుంటుంది. మబ్బుకు అందరూ ఒకటే" అనేవారు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా కురిసే వాన గుర్తొచ్చేది నాకు.

సింగపూర్ అంటే కంప్యూటర్లేనని ఊళ్ళో అనుకునే రోజులవి. నేను షిప్‌యార్డులో వెల్డర్ని. పెళ్ళిళ్ళ పేరయ్య నన్ను సాఫ్ట్‌వేరన్నాడు. నేను కాదనలేదు. యీషున్‌లో ఉండే స్నేహితుడి టై కట్టుకుని, అద్దాల మేడ ముందు ఫోటో తీయమని అంకుల్ని అడిగాను.

"అక్కడ పని చేస్తావా?"

"లేదంకుల్. అమ్మాయివాళ్ళకి పంపాలి."

"మరి నా కెమెరా ఎందుకు అబద్ధమాడాలి? టై తీసెయ్ లా!" అన్నారు, సింగపూర్‌వాళ్ళ లాగే చివర "లా" తగిలించి.

అంతకుముందు వారమే, బైబిల్లో అబద్ధమాడి ప్రాణం పోగొట్టుకున్న అననీయ మీద గంటసేపు ప్రసంగంలో అరిచినవాణ్ణి. ఆకుల చాటున ఆదాములా టై చాటున నిలబడ్డాను.

మూడు ఆదివారాలు ఎండే. నాలుగో ఆదివారం మబ్బు పట్టింది. జురాంగ్ వెస్ట్‌లో మా పనివాళ్ళ డార్మిటరీ గోడ ముందు పని బట్టల్లో నిలబెట్టి, "నవ్వకు" అన్నారు. ఉత్తరంలో నిజం రాసి ఆ ఫోటోయే పంపాను. సంబంధం తప్పిపోయింది.

అంకుల్ దగ్గరికి వెళ్ళి మీద పడ్డాను. "మీ కళ నా పెళ్ళి చెడగొట్టింది!"

ఆయన నిదానంగా టీ పోశారు. "ఫోటో బాగా రాలేదా?"

"వచ్చింది."

"అయితే ఇంకొకరికి పంపు" అని మరో ప్రింటు చేతిలో పెట్టారు.

ఆ ప్రింటు చూసి ఒప్పుకున్నదే మా ఆవిడ. నేను సూపర్‌వైజరయ్యాక ఇక్కడికి వచ్చింది. ఆంటీ కబురు విని, గోడ మీది ఆ ఫోటో ముందుకెళ్ళి నిలబడింది. ఎందుకు ఒప్పుకున్నావని ఇన్నేళ్ళూ అడగలేదు. ఈవేళ అడిగాను.

"మెడ మీద నిప్పురవ్వల మచ్చలు కనబడ్డాయండి. మందు రాసేవాళ్ళెవరూ లేరేమో అనుకున్నా."

తన వేలు ఫోటో అద్దం మీద, ఆ మచ్చల దగ్గరే చాలాసేపు ఉండిపోయింది.