మంచం అదిరిన చలికాలం

“మంచం ఊగుతాందిమే” అని మా అత్త మొదటిసారి అన్నప్పుడు నేను ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి జ్వరముందేమో చూశాను. మంచాన్ని చూడలేదు.

అప్పటికి దసరా వెళ్లి రెండు వారాలయింది. తెల్లాపూర్‌లో మా ఫ్లాటు చివరి అంతస్తులో ఉంది, మా పైన ఇక డాబాయే. నైరుతి గదిలో గోడవారగా అత్త ఇనుప మంచం. ఈ వయసులో కళ్లు తిరగడం మామూలేనని డాక్టరు మాత్రలు రాశారు. వాటితో ఆమెకు పగలంతా మగతే. ఎక్కడ పడిపోతుందోనని మా ఆయన ఆమెను స్టవ్ వెలిగించనివ్వలేదు, ఒంటరిగా లిఫ్టు ఎక్కనివ్వలేదు. ఆమె చేతి వంట తిని పెరిగిన మనిషే ఆమెను వంటింటి గడప దాటవద్దన్నారు.

“నా తల బాగనే ఉంది. ఊగేది ఇల్లు. చెప్తాండా కదా, నమ్మరేమి?” అనేది. తల స్కాన్ తీయించాలని మా ఆయన ఆస్పత్రిలో రోజు కూడా అడిగి పెట్టుకున్నారు.

ఒక ఉదయం మాత్ర, గ్లాసుడు నీళ్లు తీసుకెళ్లి మంచం పక్క స్టూలు మీద పెట్టాను. అత్త మెల్లగా లేచి కూర్చుంటుండగా నా చూపు గ్లాసు మీద పడింది. నీళ్ల మీద సన్నని వలయాలు, ఒకదాని వెనక ఒకటి. గ్లాసును వదిలేసి చాలాసేపయింది. స్టూలును ఎవరూ తాకలేదు. నేల మీద అరచెయ్యి ఆనించాను. అప్పుడు తెలిసింది, సన్నగా, పిల్లి గురకలాగా. నిలబడి తిరిగే నాకు అన్నాళ్లూ అందలేదు. పడుకున్న మనిషికి అందింది.

ఆమె తలలో ఏ దోషమూ లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ మరుక్షణం నుంచి అందరి మీదా అనుమానం మొదలైంది.

ముందు పక్క సైటులో బండలు పేల్చేవాళ్ల మీద. తరువాత కింది జిమ్ మీద. గోడ మీద కనిపించిన ప్రతి పగులు కొసనా పెన్సిలుతో గుర్తు పెట్టి, పెరుగుతోందేమోనని రోజూ చూసేదాన్ని. నేను బడికి వెళ్లి చదువుకోలేదు, మా నాన్న ఇంట్లో కూర్చోబెట్టి చెప్పిన చదువే. ఏదైనా అర్థం కాకపోతే చూసింది చూసినట్టు రాసి పెట్టుకోమనేవారు. అందుకని గ్లాసులో నీళ్లు వణికిన వేళలన్నీ క్యాలెండరు వెనక రాయసాగాను. పేలుళ్లు మధ్యాహ్నం సైరన్ తరువాత. వణుకు మాత్రం పొద్దున్నే, అందరూ స్నానాలు చేసి ఆఫీసులకు బయలుదేరే వేళ. ఆదివారాలు ఆలస్యంగా మొదలయ్యేది. ట్యాంకు కడుగుతామని నీళ్లు ఆపిన రోజు గ్లాసులో చిన్న అల కూడా లేదు.

అంటే డాబా మీది ప్రెషర్ పంపు. పై అంతస్తుల కుళాయిలకు నీళ్లు జోరుగా వచ్చేలా తోసేది అదే.

అసోసియేషన్ సెక్రెటరీని అడిగాను.

“పంపుని బిల్డరు స్ప్రింగుల మీద కూర్చోబెట్టాడండి. దానివల్ల బిల్డింగుకి ఏమీ అవదు. మీరు అనవసరంగా కంగారు పడుతున్నారు.”

“అయితే డాబా తాళం ఇవ్వండి, చూసి వస్తాను.”

“సేఫ్టీ అండి, ఎవరికీ ఇవ్వట్లేదు. ఇంకోమాట, ఇల్లు ఊగుతోందని బయట అనకండి. ఫ్లాట్ల రేటు పడిపోద్ది.”

ఆ చివరి మాట నా చెవిలో ఉండిపోయింది. ఈయనకు ఏదో తెలుసు, దాస్తున్నారు అనుకున్నాను. అనుకుని ఊరుకోలేదు. లిఫ్టు దగ్గర అన్నాను, ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో రాశాను. బిల్డరుతో ఆయనకు లోపాయికారీ ఒప్పందం ఉందేమోనని కూడా అన్నాను. ఆయన ఎదురుపడితే తల తిప్పుకునేదాన్ని.

చివరికి మా ఆయన ఆఫీసులో ఏసీ యంత్రాలు చూసే ఇంజనీరు అమ్మాయిని బతిమాలి తీసుకొచ్చాం. సెలవు రోజు పొద్దున్నే వచ్చింది, ఆ పిల్ల రుణం ఎప్పటికీ తీరదు. ఇంజనీరు వెంట ఉందని సెక్రెటరీ డాబా తాళం తీశారు. మోటార్లు చూసే అతను పంపు ఆన్ చేశాడు. ఆ అమ్మాయి యంత్రం మీద ఒక చెయ్యి, కింద స్లాబు మీద ఒక చెయ్యి పెట్టి, తరువాత మోకాళ్ల మీద వంగి అడుగుకి టార్చి వేసింది.

“ఆంటీ, ఇలా రండి. మెషీన్ స్ప్రింగుల మీద ఊగాలి. అది ఊగితేనే ఆ అదురు స్ప్రింగుల్లో ఆగిపోయి కిందకి రాదు. ఇక్కడ చుట్టూ గ్యాప్ అంతా సిమెంట్‌తో ప్యాక్ చేసేశారు. స్ప్రింగులు బిగుసుకుపోయాయి. అందుకే అదురంతా స్లాబులోకి దిగుతోంది. గోడలో దిగే పైపు క్లాంపులకి కూడా రబ్బరు పెట్టించండి.”

నేను సెక్రెటరీ వైపు తిరిగాను. “చూశారా అండీ? ఎవరు చేయించారు ఇది?”

ఆయన మోటార్ల అతన్ని చూశారు. అతను నన్ను చూశాడు.

“గట్ల జూస్తరేంది మేడం? మీరే చెప్పిర్రు గద, ఆయుధ పూజ నాడు. సందులల్ల కుంకుమ, కొబ్బరి ముక్కలు పడ్తున్నయి, చీమలు పడ్తున్నయి, జర నింపు అంటిరి. సిమెంటు గూడ మీ ఇంట్లకెల్లే ఇస్తిరి.”

నిజమే. పూజకని డాబా తెరిచిన ఆ రోజు నేనే ఇచ్చాను, బాల్కనీ మరమ్మతులో మిగిలిన సిమెంటు. ఏడాదంతా నీళ్లిచ్చే యంత్రం, దాని అడుగున పోయిన ఏటి నిమ్మకాయ కుళ్లి ఉంది. చూడలేక నింపించాను. నున్నగా అలికిన గద్దె మీద పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా.

“ఉలి తీసుకురావయ్యా” అన్నారు సెక్రెటరీ, మోటార్ల అతనితో. మధ్యాహ్నానికి సిమెంటంతా కొట్టి తీశారు. పంపు వేస్తే స్ప్రింగుల మీద కులుకుతూ తిరిగింది.

కిందికి వచ్చి అత్త పక్కన కూర్చుని అంతా చెప్పాను. చెప్పకుండా ఉండే దారి ఉందేమోనని మెట్లు దిగుతున్నంతసేపూ వెతికాను, దొరకలేదు.

“అయితే నువ్వే ఊపి, నువ్వే మాత్రలిస్తాంటివి.”

“అవునత్తా.”

ఆమె దుప్పటి తీసి కాళ్లు కిందికి దించింది. “దేవునికి చెప్పుకున్యావా?”

“చెప్పుకున్నా.”

“ఆయప్ప యాడికీ పోడు. ముందు పొయ్యి ఆ సెక్రెటరీకి చెప్పు. పాపం, ఆ మనిషిని ఎన్నెన్ని మాటలంటివి.”

మాత్రలు ఆపవచ్చో లేదో డాక్టరును అడగమనీ, స్కాన్ వద్దనీ, ఆ అమ్మాయిని దింపడానికి వెళ్లిన మా ఆయనకు ఫోన్ చేశాను. చెప్పులు వేసుకుంటుంటే వంటింట్లో లైటర్ చప్పుడు వినిపించింది. ఒక అడుగు అటు వేశాను.

“నువ్వు లోపలికి రావద్దు” అంది అత్త లోపలినుంచి. “బొరుగులు నానబెట్టినా, ఉగ్గాని చేస్తాండా. ఆ సెక్రెటరీకి కూడా ఒక గిన్నె పెట్టిస్తా, తీస్కపోదువు ఉండు.”