నీలం రంగు చూసి మురిసిపోయాం

నా చిన్నప్పుడు ఖిలా వరంగల్‌లోని మా ఇంట్లో మా తాతయ్య షుగర్ పరీక్ష అంటే ఒక సంబరం. దవాఖానలో నర్సుగా పనిచేసే పక్కింటి అక్క నీలం రంగు మందులో ఆయన మూత్రం చుక్కలు వేసి కాచేది. చక్కెర ఉంటే అది పచ్చబడుతుంది, మరీ ఎక్కువైతే ఇటుక రంగుకు తిరుగుతుంది. తాతయ్యది ఎప్పుడూ నీలమే. షుగర్ జబ్బున్న ఆయనకు వేరే వంట చేసిపెట్టే నాయనమ్మ మురిసిపోయేది.

అలాంటి మనిషికి చెప్పు కరిచి కాలివేలికి పుండు పడితే ఎంతకీ మానలేదు. వేలు నల్లబడింది. అది తీసేయాలని, ఆలస్యమైతే పాదమే పోతుందని డాక్టరు చెప్పాడు.

ఆ రోజు నాయనమ్మ వంకాయలు తరిగి ఉప్పునీళ్లలో వేస్తూ అక్క ముందు ఏడ్చింది. "నా వంటలనే ఏదో తప్పున్నది బిడ్డా. నా చేతులతోని నేనే ఆయన కాలు కరాబ్ చేసిన."

అక్క నీళ్లలోంచి ఒక ముక్క తీసి పళ్లెంలో పెట్టి వేరే మాటల్లో పడింది. కాసేపటికి ఆ ముక్క నల్లబడింది.

"నీళ్లల్లున్నయి తెల్లగనే ఉన్నయి, జూడు పెద్దమ్మా. మన ఒంట్ల గూడ ఇట్ల కాపాడేటియి ఉంటయి. ఏండ్ల తరబడి చక్కెర ఎక్కువుంటే అవి తరిగిపోతయి, పుండ్లు మానయి. నీలం రంగు ఆ పూట సంగతే చెప్తది. ఎనకటి సంగతి దానికేం తెలుసు?"

ఆ కాపాడేవాటినే యాంటీఆక్సిడెంట్లు అంటారని నేను పెద్దయ్యాక చదువుకున్నాను.

మంచం మీద తాతయ్య తలెత్తలేదు. నేను ఆయన పక్కనే కూర్చుని ఉన్నాను. నాయనమ్మతో అన్నాడు. "నీ వంట తప్పేం లేదే. కేసముద్రం మార్కెట్‌కు పోయినప్పుడల్లా హోటల్ల జిలేబి తిన్న. పరీక్షుందంటే రెండ్రోజుల ముందు నుంచి కడుపు మాడ్చుకున్న."

నాయనమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదని నాకే అనిపించింది.

"నీకు లేని తీపి నాకెందుకని నేను గూడ ఇన్నేండ్లు నోరు కట్టుకున్న గదయ్యా," అంది. కత్తిపీట పక్కకు జరిపి, చేతులు కడుక్కుని వచ్చి పుండుకు కట్టు మార్చింది. తాతయ్య పైకండువాలో మొహం దాచుకుని ఏడ్చాడు. పెద్దవాళ్లు అలా ఏడవడం నేను అంతకుముందు చూడలేదు.

వేలు తీసేశారు, పాదం దక్కింది.

ఇప్పుడు నాకూ షుగర్. పెళ్లిళ్లలో చెయ్యి ఊరుకోదు. తిన్న రోజు ఇంటికి రాగానే మా ఆయనకు చెప్పేస్తాను. ఆయనా తిట్టడు. ఏ జబ్బూ లేని ఆ మనిషి, నా కోసం చక్కెర మానేసిన టీ తాగుతాడు. నేను ఆయన వైపు చూడలేను.