స్పిరిట్‌తో కడిగిన సీసాలు

మీ పరిశోధన ఏంటని ఎవరైనా అడిగితే ఒకప్పుడు నేను ఉత్సాహంగా చెప్పేదాన్ని. ముడిచమురు శుద్ధి చేసేటప్పుడు వచ్చే గ్యాసులో ప్రొపిలీన్ అని ఒక వాయువు ఉంటుందని, దానికి నీటిని జోడిస్తే ఒక రకం ఆల్కహాల్ అవుతుందని, ఇంజెక్షన్‌కి ముందు నర్సు దూదితో చేతికి రాసే స్పిరిట్ అదేనని. అది తాగేది కాదని కూడా విడిగా చెప్పాల్సి వచ్చేది. తెనాలిలో మా బాబాయిలిద్దరూ ముందు అడిగింది ఆ సంగతే.

చెప్పినంత తేలిక కాదు చేయడం. ఆ వాయువు, నీరు వాటంతటవి ఒకదాని మొహం ఒకటి చూడవు. స్టీలు గొట్టంలో ఆమ్లగుణం ఉన్న సన్నటి రెసిన్ పూసలు నింపి, వేడిచేసి, ఒత్తిడి పెట్టి, ఆ పూసల మీదుగా రెండింటినీ పంపాలి. అవతలి చివర బొట్లు బొట్లుగా దిగే ద్రవాన్ని చిన్న గాజు సీసాల్లో పట్టి, అందులో ఆల్కహాల్ ఎంతుందో యంత్రంలో చూడాలి. బాపట్లలో మా కాలేజీ ల్యాబులో రెండేళ్లపాటు ఆ యంత్రం నాకు చూపించింది దాదాపు ఉత్త నీళ్లే.

ఆ సీసాలు కడిగే ఆవిడ కర్లపాలెం నుంచి ఆటోలో వచ్చేది. నాకంటే ఇరవై ఏళ్లు పెద్ద. నేను పిన్నీ అనేదాన్ని, ఆవిడ నన్ను మేడం అనేది. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు ఉద్యోగం, ఏటా మా గైడు ప్రొఫెసరు గారి సంతకంతో కొనసాగేది. ఆ ఒక్క ఏడూ సంతకం పడితే పర్మినెంటు చేసేవాళ్ల జాబితాలో పేరు చేరుస్తామని ఆఫీసువాళ్లు చెప్పారట. ఆ మాట సీసాలు కడుగుతూ రోజూ ఒకసారైనా నాతో అనేది.

శ్రావణంలో ముసురు పట్టింది. అసలే సముద్రపు గాలి, దానికి తోడు గాజుసామాను ఆరబెట్టే ఓవెన్ పాడైంది. ఒకరోజు సీసాలు అడిగితే ఇంకా తడిగానే ఉన్నాయంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది.

"స్పిరిట్‌తో ఒకసారి కడిగి బోర్లించు పిన్నీ, చిటికెలో ఆరిపోతాయి. ఇంత చిన్నదానికి కూడా నేను చెప్పాలా?" అన్నాను.

"మీరు సీసాలో చూసేది కూడా స్పిరిటే కదండీ మేడం?" అంది ఆవిడ.

"చెప్పింది చెయ్యి పిన్నీ."

ఆ వారం నుంచే యంత్రంలో ఆల్కహాల్ కనిపించడం మొదలైంది. అంతకుముందే పూసలు మార్చాను కాబట్టి అది వాటి మహిమే అనుకున్నాను. ల్యాబంతా కాజాలు పంచాను. మొదటిది ఆవిడ చేతిలోనే పెట్టాను. మా పరిశోధనకు సాయం చేస్తున్న కంపెనీకి ప్రొఫెసరు గారు సంబరంగా రిపోర్టు పంపారు.

కంపెనీవాళ్లు చూడటానికి వచ్చారు. వాళ్ల సీసాలు వాళ్లే తెచ్చుకున్నారు. వాటిలో పట్టి చూస్తే మళ్లీ ఉత్త నీళ్లే.

వాళ్లు వెళ్లాక నేనొక్కదాన్నే కూర్చుని, మా ల్యాబులో కడిగిన సీసాలో మంచినీళ్లు పోసి యంత్రంలో పెట్టాను. ఆల్కహాల్ కనిపించింది. అడుగున ఆరకుండా మిగిలిన చుక్క చాలు. దేని కోసం వెతుకుతున్నానో దానితోనే సీసాలు కడిగించాను. ఆవిడకు తట్టింది, ఇన్నేళ్లు చదివిన నాకు తట్టలేదు.

మర్నాడు, సీసాల్లోనే స్పిరిట్ ఉందని నేను చెప్పగానే, ప్రొఫెసరు గారు నన్నూ ఆవిడనూ గదిలోకి పిలిచారు.

"వీటిని స్పిరిట్‌తో ఎవరు కడగమన్నారమ్మా?" అని నన్నే అడిగారు.

"నేను చెప్పలేదు సార్. తొందరగా ఆరతాయని ఆవిడే కడిగినట్టుంది" అన్నాను.

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను మాట్లాడుతుంటే ఆవిడ నా వైపు చూసింది. తర్వాత ఆయన వైపు తిరిగి, "పొరపాటైందండి సార్" అంది.

ఆ ఏడు సంతకం పడలేదు. నేను అబద్ధం చెప్పేనాటికి, పడాల్సిన రోజుకు ఇంకా మూడు వారాలున్నాయి, ఆ మూడు వారాల్లో ఏ రోజైనా నేను నోరు తెరవొచ్చు. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకున్నాను. ఆవిడ మాత్రం చివరి రోజు దాకా సీసాలు నీళ్లతో కడిగి, తుడిచి, నా ముందు వరసగా పెట్టింది. మేడం అనడం మానలేదు. నేనే పిన్నీ అనడం మానేశాను.

తర్వాత ఒత్తిడి పెంచి, పూసలు మార్చి, కొంచెమే అయినా నిజమైన ఆల్కహాల్ తీశాను. డిగ్రీ వచ్చింది, అదే కాలేజీలో ఉద్యోగమూ వచ్చింది. ఆవిడ రేపల్లెలో చెల్లెలి దగ్గర ఉంటూ ఏదో హాస్టల్లో వంటపాత్రలు తోముతోందని ఈమధ్యే తెలిసింది. ఒక ఆదివారం తెనాలిలో రేపల్లె బండి ఎక్కాను.

చర్చి నుంచి అప్పుడే వచ్చినట్టుంది, తెల్లచీరలో ఉంది. కుర్చీ వేసింది. దారంతా కూడబలుక్కున్న మాటలేవీ రాలేదు. "ఆ రోజు నేను అబద్ధం చెప్పాను పిన్నీ" అని ఏడ్చేశాను. ఆవిడ ఓదార్చలేదు.

"నాకు తెలియందా అండీ" అంది.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అలా అడగడానికి నాకు నోరెలా వచ్చిందో.

"మీ మాటొకటి, నా మాటొకటి అయితే సార్ ఎవరి మాట నమ్ముతారండి?" అని, "సార్‌కి చెప్పారా?" అని అడిగింది.

లేదన్నాను.

"నాకు చెప్తే ఏముందండి, నాకు తెలిసిందేగా. సార్‌కి చెప్పండి. పన్నెండేళ్లలో ఒక్క సీసా పగలగొట్టలేదు నేను. చెప్పాక నాకొక ఫోన్ చెయ్యండి, చాలు."

తప్పకుండా చేస్తానన్నాను.

ప్రొఫెసరు గారు రిటైరై బాపట్లలోనే ఉంటున్నారు. మర్నాడే వెళ్లాను. "అప్పటి ఆ సీసాల సంగతి సార్, వాటిని కడగమన్నది..." అంటూ మొదలుపెట్టాను. ఆయన చెయ్యి ఊపేశారు.

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ. ఎప్పటి మాట. కాఫీ తాగు."

ఇంకొక్క మాట చాలు, నేనే అని. ఆ మాట అనకుండా కాఫీ తాగాను. ఆయన కొత్త పూసల గురించి అడిగితే గంటసేపు వాటి గురించే చెప్పాను. మెట్లు దిగుతూ, ఆయనే వద్దన్నారుగా అనుకున్నాను. ప్రాణం ఎంత హాయిగా ఉందో. ఆ హాయి తలుచుకుంటే, ఆ రోజు చెప్పిన అబద్ధం కంటే ఎక్కువ సిగ్గేస్తుంది.

పోయిన వారం ఆవిడే ఫోన్ చేసింది. అది మోగి మోగి ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను.