ఫిల్మ్ నోయర్‌లో ఆవిడ వైపు కథ

మా సినిమా టీచర్ పోయారు. మంగళవారం పొద్దున్న సుంగై సిపుట్ ఊరి నుంచి వాళ్ళన్నయ్య ఫోన్ చేసి, "అమ్మాయ్, మా సెల్లి ఎల్లిపోయినాది" అన్నారు. ఇద్దరికీ ఫోన్ పెట్టెయ్యబుద్ధి కాలేదు.

మలేషియాలోని సైబర్‌జయ కాలేజీలో ఆవిడ మాకు ఫిల్మ్ నోయర్ చెప్పారు. క్లాసులో ఇంగ్లీషు, నాతో మాత్రం, ఇక్కడివాళ్ళలా మాట చివర 'లా' తగిలించిన తెలుగు. హిట్లర్‌కి భయపడి జర్మనీ వదిలిన దర్శకులు వెలుగునీడల పనితనాన్ని హాలీవుడ్‌కి తీసుకెళ్ళారనీ, అక్కడి చవక నేరకథలు దానికి తోడయ్యాయనీ, 'ఫిల్మ్ నోయర్', అంటే 'నల్ల సినిమా' అన్న పేరు మాత్రం యుద్ధం అయ్యాక ఫ్రెంచి విమర్శకులు పెట్టారనీ చెప్పేవారు. "తీసినోళ్ళకి ఆ పేరే తెలీదు" అని నవ్వేవారు.

ఆ సినిమాల నిండా తడిసిన వీధులు, ముఖం మీద గీతలుగా పడే కిటికీ నీడలు, జరిగిపోయింది చెప్పుకునే మగవాడి గొంతు, అతణ్ణి ముంచే అందగత్తె. ఆ అందగత్తె దగ్గరికి వచ్చేసరికి సినిమా ఆపేసేవారు. "అతడు సెప్పినాడు, మనం నమ్మినాం. ఆవిడ్ని ఎవరైనా అడిగినారా?"

టీచర్ భర్తను వదిలేసి వచ్చిన మనిషి. ఊళ్ళో ఆయన చెప్పిందే కథ అయింది. సొంత అన్నయ్య కూడా అదే నమ్మి ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. ఒకసారి క్యాంటీన్‌లో ఆవిడే ఈ సంగతి చెప్తే, "కోపం లేదా టీచర్?" అన్నాను.

"ఉంది లా. అందుకే ఈ పాఠం సెప్తున్నాను."

కాలేజీ చివరి ఏడాది నేను తీసిన చిన్న సినిమా ఆ పద్ధతిలోనిదే, కానీ కథ చెప్పేది ఆడమనిషి. గొంతు టీచర్‌ని ఇమ్మన్నాను. చాలాసేపు ఆలోచించి ఒప్పుకున్నారు. కౌలాలంపూర్‌లో తెలుగువాళ్ళు చేరే ఒక హాల్లో, ఆదివారం మధ్యాహ్నం వేశాం. టీచర్ బంధువులతో పాటు వాళ్ళన్నయ్యా వచ్చి వెనక కూర్చున్నారు. చీకట్లో చెల్లెలి గొంతు వినపడింది: "ఏటి జరిగిందని నన్నెవరూ అడగలేదు."

లైట్లు వెలిగాక ఆయన నెమ్మదిగా ముందుకి వచ్చారు. అందరూ చూస్తుండగా, "ఏటి జరిగినాది, సెల్లీ?" అన్నారు.

టీచర్ పక్క కుర్చీ లాగారు. "కూకో అన్నా, సెప్తాను."

మేం హాలంతా సర్దేసినా వాళ్ళు లేవలేదు.

జబ్బు ముదిరాక ఆయనే ఆవిడ్ని తన ఇంటికి తీసుకెళ్ళారు. ఆఖరిసారి నేను వెళ్ళేసరికి ఇద్దరూ సోఫాలో కూర్చుని ఏదో పాత నలుపు తెలుపు సినిమా చూస్తున్నారు. "ఈవిడే సంపేసినాదేటి?" అని అడుగుతున్నారు ఆయన.

"సూడన్నా. ఇంకా అయిపోలేదు లా."

ఆయన తెర మీంచి చూపు తిప్పకుండానే, జారిన దుప్పటి తీసి చెల్లెలి పాదాల మీద కప్పారు.