స్టీరింగ్ గేరు, నా భక్తి

ఆ రోజుల్లో మనిషికి అలుపంటే తెలియదని అందరూ అంటుంటారు. నాకు మాత్రం ఇరవై రెండో ఏటికే బాగా తెలిసింది. చిత్తూరు పక్కన రాళ్ల క్వారీలో రెండేళ్లు జీపు తోలి, నడుము విరిగి, నీడపట్టున ఉద్యోగం దొరికితే చాలనుకుని తిరుపతి చేరాను. అక్కడ ఒక లాడ్జి ఓనరు (ఊరంతా లాడ్జన్న అనేది) తన అంబాసిడర్‌కు డ్రైవరును వెతుకుతున్నాడు. "మా అత్తను కొండకు తీసకపోవాల. నువ్వు తోలేది సూసి సెప్తాప్పా" అన్నాడు. ఆయన వద్దంటే నాకు మళ్లీ క్వారీయే గతి.

చిక్కంతా గేరుతోనే. జీపు గేరు రాడ్డు నేలమీంచి లేచి ఉంటుంది. అంబాసిడర్‌కు స్టీరింగు కిందే, పక్కకు చాచిన ఒక పుల్ల. ముందు సీటు బెంచీలా ఒకటే పొడవు. అవతలి పక్క తలుపు గొళ్లెం ఊగుతుందని లాడ్జన్న నావైపే జరిగి కూర్చున్నాడు. కొండెక్కేటప్పుడు మలుపు మలుపుకీ నా ఎడమ చెయ్యి అలవాటు కొద్దీ కిందికి పోయి ఆయన మోకాలు పట్టుకునేది. రెండుసార్లు ఓర్చుకున్నాడు. మూడోసారి, "అది నా కాలప్పా. గేరు పైన ఉండాది" అన్నాడు.

దర్శనం క్యూలో నిలబడి నిలబడి, కొండ దిగే వేళకు నాలో ప్రాణం లేదు. ఎక్కిన గేరులోనే దిగాలని లారీవాళ్లు చెప్పే మాట నాకు తెలుసు. రెండో గేరులో ఉంటే బండిని ఇంజనే పట్టి ఆపుతుంది, బ్రేకుకు శ్రమ తక్కువ. తెలిసి కూడా, ఆ పుల్లతో మళ్లీ కుస్తీ పట్టే ఓపిక లేక న్యూట్రల్‌లో వదిలేశాను. నాలుగు మలుపులు హాయిగా జారాం. ఐదో మలుపులో మాడు వాసన వచ్చింది. బ్రేకు తొక్కితే మెత్తగా కిందిదాకా పోయింది.

"గోవిందా!" అన్నాను. (మా వైపు ఏది పోయినా ఆ మాటే అంటాం.)

"గోవిందా... గోవింద!" అని వెనక సీట్లోంచి లాడ్జన్న అత్తగారు, భార్య, మరదలు ముగ్గురూ గొంతెత్తారు.

"అది కాదన్నా, బ్రేకు గోవిందా!"

"గోవిందా... గోవింద!"

లాడ్జన్నకు అర్థమై మొహం పాలిపోయింది. "గేరెయ్యిరా నా తండ్రీ!" అన్నాడు. హ్యాండ్ బ్రేకు లాగి, క్లచ్ తొక్కి, ఇంజను అరిపించి, గోవిందా అంటూనే పుల్లను కిందికీ పైకీ తోశాను. పళ్లు పటపట కొరికి ఎట్టకేలకు రెండో గేరు పడింది. బండి మమ్మల్నందరినీ ముందుకు విసిరి, వేగం తగ్గి, కొండ పక్క మట్టిలో ఒరిగి నిలబడింది. నా ఉద్యోగం కూడా అక్కడే ఆగిపోయిందనుకున్నాను.

"ఎంత భక్తిరా ఈ పిల్లోనికి!" అంది అత్తగారు కొంగుతో కళ్లొత్తుకుంటూ. "స్వామిని ఇడవకుండా తలుసుకున్నాడు. ఇట్లాంటోణ్ణి పోగొట్టుకోవద్దు నాయనా." లాడ్జి కట్టిన స్థలం ఆమెది. లాడ్జన్న నావైపు తిరిగి, "రేప్పొద్దున రా. ముందు గేరు నేర్సుకో, పేరు తర్వాత తలుసుకుందువు" అన్నాడు.

ఆ అవ్వ బతికున్నన్నాళ్లూ కొండకు నేనే తీసుకెళ్లాను. రెండో గేరులో నెమ్మదిగా దింపుతుంటే, "నీకు మునుపటి భక్తి లేదురా అబ్బయా" అని నిష్ఠూరమాడేది. నిజం చెప్పేద్దామని ఎన్నోసార్లు నోరు తెరిచాను, ధైర్యం చాలలేదు. ఇప్పుడు ఆమె లేదు, నాకు స్టీరింగు పట్టే ఓపికా లేదు. తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. ఆ తర్వాత ఏనాడూ నేను స్వామిని అంత గట్టిగా పిలవలేదు.