చేపల గృహప్రవేశం

మా మేనమామ నోట ఎప్పుడూ ఒకటే మాట: "ముహూర్తం దాటిపోతా ఉంది!" అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

పంతొమ్మిది వందల అరవైలలో ఆయనకు గూడూరులో అభ్రకం వ్యాపారం. అత్త ఒక గాజు జాడీలో రంగుచేపలు పెంచుకునేది. గొప్ప కోసం మామ మద్రాసు నుంచి పెద్ద అద్దాల తొట్టి తెప్పించి, చేపలకు గృహప్రవేశమంటూ వీధి వీధంతా పిలిచాడు. అప్పుడే తోడిన బావినీళ్ళు నింపి, శుభమని గుప్పెడు పసుపు కలిపాడు.

"పసుపెందుకండీ? నీళ్ళు ఒకరోజు నిలవనీయండి. జాడీలో పాతనీళ్ళు కూడా కలిపి మెల్లగా వదులుదాం" అని అత్త బతిమాలింది.

"నోరు ముయ్యవే! ముహూర్తం దాటిపోతా ఉంది!" అంటూ చేపల్ని పిండిజల్లెడతో తీసి తొట్టిలో పడేశాడు.

చుట్టాలు పాయసం తాగుతుండగానే చేపలన్నీ వెల్లకిలా తేలాయి. ఆ మనిషి కించిత్తయినా బాధపడ్డాడా? లేదు. "పంతులు ముహూర్తం సరిగ్గా పెట్టినట్టు లేదే" అన్నాడు!

వారం తిరక్కుండానే కొత్త చేపలు తెస్తానని పంచాంగం పట్టుకొచ్చాడు. అప్పటికే అత్త ఆ తొట్టి నిండా నిమ్మకాయలు కోసి ఉప్పులో ఊరవేసింది.

"ఇదేందే?" అని అరిచాడు మామ.

"ఇవైతే మీ చేతిలో చావవు లెండి" అంది అత్త.