మిల్లు ఆపిన సారు

మా వర్క్‌షాప్ సారు పోయారని కొత్తకోటలో మోటార్లు చుట్టే చాచా ఫోన్ చేసి చెప్పాడు. "నిద్రల్నే పోయిండు బేటీ. జర జల్ది రా. మీ తోటోళ్లకు గూడ చెప్పు." నేను చాలామందికి ఫోన్ చేశాను. ఒకరికి డ్యూటీ, ఒకరికి పిల్లాడి జ్వరం. చివరికి ఆయన దగ్గర చదివినవాళ్లలో నేనొక్కదాన్నే వెళ్లాను. ఆయన కిరాయికున్న గది ముందు ఆరేడుగురే ఉన్నారు.

ఆయన మాకు ఒకేషనల్ కాలేజీలో కరెంటు పని నేర్పారు. రెండో ఏడు బయట ట్రైనింగ్‌కు పోవాలి. మా నలుగురు ఆడపిల్లలకు మక్తల్ వైపు ఒక పత్తి మిల్లు దొరికింది. నాకప్పుడు పదిహేడేళ్లు. ముందురోజు సారు మాచేత చున్నీలు నడుముకు బిగించి కట్టించారు. "తెల్వకుంటె తెల్వదని చెప్పుండ్రి. అండ్ల సిగ్గేం లేదు" అన్నారు.

మిల్లులో మాకు కరెంటు పని ఎవరూ నేర్పలేదు. ఊడ్పించారు, పత్తి ఎత్తించారు. రెండో వారంలో ఒక మిషన్ బెల్టు దగ్గర పత్తి ఇరుక్కుంది. సూపర్‌వైజర్ నన్ను పిలిచాడు.

"అది గుంజెయ్ పిల్లా."

"మిషన్ నడుస్తాంది కద సార్?"

"ఆపితే పనంతా ఆగుతది. చెయ్యి పెట్టి జల్ది గుంజు."

భయపడుతూనే వంగాను. అంతలో మిల్లంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. తిరిగి చూస్తే మెయిన్ స్విచ్ దగ్గర మా సారు! చెప్పకుండా చూడటానికి వచ్చారట. ముఖం పాలిపోయి ఉంది. "పదుండ్రి బిడ్డా" అని మా నలుగురినీ బయటికి తీసుకొచ్చారు. వెనక ఓనరు అరుస్తూనే ఉన్నాడు.

మర్నాడు ప్రిన్సిపాల్ గదిలోంచి కేకలు వినిపించాయి. "మిల్లోళ్లతోని లొల్లి పెట్టుకుంటె రేపు మన పిల్లల్ని ఎవరు తీసుకుంటరు?"

"పని నేర్వనీకె తోలినం సార్, పానం ఇడ్వనీకె కాదు" అన్నారు మా సారు.

నిజం చెప్పాలంటే ఆ రోజు నేనూ ఆయన పక్షాన లేను. ట్రైనింగ్ ఆగితే సర్టిఫికెట్ రాదు, పెళ్లి చేసేస్తామని ఇంట్లో అప్పటికే అంటున్నారు. "మీ వల్లనే నా ఏడాది పోయింది" అని ఆయన ముఖం మీదే అనేశాను. ఆయన తల దించుకుని, "తిట్టుకో బిడ్డా, ఏం కాదు" అన్నారు.

తోటి లెక్చరర్లు ఆయనతో మాట్లాడటం తగ్గించారు. మధ్యాహ్నం వర్క్‌షాప్‌లో ఒక్కరే కూర్చుని టిఫిన్ డబ్బా విప్పేవారు. కిటికీలోంచి ఎన్నోసార్లు చూశాను. లోపలికి వెళ్లి పలకరించలేదు. వారం తిరగకముందే సారు చాచాను బతిమాలి మమ్మల్ని ఆ మోటార్ల దుకాణంలో ట్రైనింగ్‌కు చేర్పించారు. రోజూ సాయంత్రం వచ్చి ఓ మూల స్టూలు మీద కూర్చుని, మా పని అయ్యాకే లేచేవారు. చాచా చాయ్ ఇచ్చినా ఆయన చూపు మా మీదే ఉండేది.

ఇప్పుడు నేను ఆత్మకూర్ దగ్గర నీళ్ల పంప్‌హౌస్‌లో ఎలక్ట్రీషియన్‌ను. షిఫ్టులో ఒక్కదాన్నే ఉంటాను. మోటారు ఆపిన ప్రతిసారీ ఆ నిశ్శబ్దంలో ఆయన గుర్తొస్తారు.

నిరుడు కొత్తకోట బస్టాండులో కనిపించారు. బాగా చిక్కిపోయారు. "ఇంకా కరెంటు పనే చేస్తున్నవా? ఏవీ, చేతులు చూపియ్" అన్నారు. బ్యాగు కింద పెట్టి చాపాను. కళ్లద్దాలు సర్దుకుని, అటూ ఇటూ తిప్పి, వేళ్లన్నీ ఒక్కొక్కటే చూశారు. "మంచిగున్నయ్" అన్నారు.

ఆ మిల్లు సంగతి ఎత్తాలనుకున్నాను. ఈలోగా నా బస్సు వచ్చింది, జనం మా మధ్యకు తోసుకొచ్చారు. సీటు దొరికి కిటికీలోంచి చూసేసరికి, ఆయన అక్కడే ఎండలో నిలబడి, బస్సు మెట్టు మీద వేలాడుతున్న పిల్లలను లోపలికి పొమ్మని చెయ్యి ఊపుతున్నారు.